'తగినంత' అంటే ఎంత?

తొర్రూరు దగ్గర మిర్చి రైతు ఒకరు తొడిమలు తీసే యంత్రం చేశారనుకుందాం. పేటెంటు కాగితాల్లో హక్కును తేల్చేది చివర ఉండే 'క్లెయిమ్'. బొమ్మలెంత బాగున్నా, అందులో లేనిది తనదని వాదించడం కష్టం. ఆలేరు పక్క శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం చేసిన, నేతకు నూలు చుట్టే ఆసు యంత్రానికి 2011లో పేటెంటు వచ్చింది. చేతి పనివాళ్లకూ ఈ దారి ఉంది.

క్లెయిమ్ రాయాలంటే మొదట యంత్రంలోని భాగాలన్నీ రాసుకోవాలి. తర్వాత ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోవాలి. ఏది తీసేస్తే తొడిమ ఊడదో అదే మొదటి క్లెయిమ్‌లో ఉండాలి. చక్రాలనూ చేర్చామా, చక్రాలు లేకుండా చేసినవాడు తప్పించుకుంటాడు.

ఇక మాటల వేట. నా దృష్టిలో అసలు పని ఇదే. 'రోలర్ల మధ్య తగినంత ఖాళీ' అని రాశామనుకోండి. సన్నటి తేజ కాయకు తగినంతైనది లావుపాటి చపాటాకు సరిపోదు. 'తొడిమ దూరేంత, కాయ దూరనంత' అంటే కొంత మెరుగు. ఏ రకం కాయ, మందం ఎక్కడ కొలవాలి అన్నది వివరణలో చెప్పాలి. మిల్లీమీటర్ల లెక్కను రెండో క్లెయిమ్‌లో పెట్టాలి. 'సుమారు', 'వేగంగా', 'మంచి నాణ్యత గల' అన్నవన్నీ ఇలాగే పరీక్షకు నిలబడాలి. ఒకచోట రోలర్ అన్నదాన్ని ఇంకోచోట డ్రమ్ము అనకూడదు.

1970 పేటెంట్ల చట్టం 10(5) సెక్షన్ క్లెయిమ్‌లు స్పష్టంగా, క్లుప్తంగా ఉండాలంటుంది. లేకుంటే 64వ సెక్షన్ కింద పేటెంటు రద్దుకు దారి దొరుకుతుంది. అమెరికాలో గుండె వేగం కొలిచే పరికరం క్లెయిమ్‌లో ఎలక్ట్రోడ్ల మధ్య 'ఎడం' అన్నారే తప్ప ఎంతో చెప్పలేదు. 2014లో అక్కడి సుప్రీంకోర్టు, ఆ రంగం తెలిసినవారికి హద్దు సహేతుకమైన నిశ్చయంతో తెలియాలంది. మరుసటి ఏడు కింది కోర్టులో పేటెంటు నిలిచింది కానీ, ఆ ఒక్క మాట చుట్టూ ఎంత పోరాటం! మన రైతుకు అంత ఓపికా, డబ్బూ ఎక్కడివి?

తొందరుంటే ముందు ప్రొవిజనల్ దరఖాస్తు వేయొచ్చు. దానికి క్లెయిమ్‌లు అక్కర్లేదు. 12 నెలల్లో పూర్తి దరఖాస్తు ఇవ్వాలి.

చివరిగా, యంత్రాన్ని చూడని లేత్ మిషన్ పనివారికి క్లెయిమ్ వాక్యం చదివి వినిపించి బొమ్మ గీయమనాలి. గోప్యత ఒప్పందం మీద ముందే సంతకం తీసుకోవాలి. బొమ్మలో రోలర్లు ఎటు తిరగాలో ఆయన అడిగితే, అది క్లెయిమ్‌లో రాయలేదన్నమాట.