పిల్లలకు సైనిక దుస్తులు వేసే ముందు

రిపబ్లిక్ డే ఫ్యాన్సీ డ్రెస్ అనగానే సగం మంది పిల్లలు సైనికులైపోతారు. ఆ ముచ్చటకు చట్టం అడ్డు రాదు. సైనికుడు కానివారు, సైనికుడినని నమ్మించడానికి ఆ దుస్తులో, చిహ్నాలో ధరిస్తేనే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద నేరం. మూడు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వేదిక మీది ఏడేళ్ల బాబు ఎవరినీ నమ్మించడు. మీసాలొచ్చిన అన్నయ్య అలాంటి బట్టల్లోనే కాళేశ్వరం ఘాట్‌కు బయల్దేరితే మాత్రం వద్దనండి. మన అడవి దారుల్లో ఆలివ్ గ్రీన్ పోలీసులూ వేశారు, మావోయిస్టులూ వేశారు. ఆ రంగు చూసి ఎవరోనని జంకిన రోజులు ఇక్కడి పెద్దలకు గుర్తే.

దుస్తులకన్నా చిహ్నాల దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. భుజంపై మూడు నక్షత్రాలుంటే కెప్టెన్. అశోక సింహాల చిహ్నం, రెండు నక్షత్రాలుంటే కర్నల్. సూర్యాపేట బిడ్డ సంతోష్ బాబుది ఆ హోదానే. 2020 జూన్ 15న గల్వాన్‌లో ఆయన ప్రాణాలర్పించారు. ఆయనకు ప్రకటించిన మహావీర చక్రను 2021 నవంబరులో తల్లి, భార్య అందుకున్నారు. పతకం గెలిచినవారు దాన్ని ఛాతీకి ఎడమవైపు ధరిస్తారు. అమరుల కుటుంబీకులు నివాళి సభల్లో కుడివైపు పెట్టుకుంటారు. అలాంటిదాన్ని డ్రెస్ సెట్టుతో వచ్చే ప్లాస్టిక్ బిళ్లగా పిల్లాడి చొక్కాకు గుచ్చడం మాకు సబబుగా తోచదు.

మీ ఇంట్లో తాతగారి పతకాలుంటే పెట్టెతో సహా తీసుకురండి, వాటి కథ బాబు చేత చెప్పిద్దాం. అద్దె డ్రెస్‌కు నక్షత్రాలు, పతకాలు ఉంటే ముందురోజు రాత్రే విప్పి పక్కన పెట్టండి. టోపీ, బెల్టు, బూట్లు ఉంటే చాలు.