కంచు బుద్ధుడి చిరునామా

బౌద్ధ శిల్పం అనగానే మనకు అమరావతి, నాగార్జునకొండల సున్నపురాతి పలకలే కళ్ళ ముందు మెదులుతాయి. కాని బౌద్ధాన్ని సముద్రాలు దాటించడంలో కంచు విగ్రహానికీ పెద్ద పాత్రే ఉంది. చిన్న విగ్రహాన్ని యాత్రికుడు మూటలో పెట్టుకుపోగలడు. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో 1921లో బయటపడ్డ కంచు బుద్ధుడిలో పండితులు అమరావతి శిల్పఛాయలు గుర్తించారు. అయితే ఈ తేలిగ్గా కదిలే గుణమే తర్వాతి కాలంలో ఆ విగ్రహాలకు ముప్పు కూడా అయింది.

ముందు తయారీ సంగతి చూద్దాం. శిల్పశాస్త్రాలు దీన్ని మధూచ్ఛిష్ట విధానం అన్నాయి. మధూచ్ఛిష్టమంటే తేనెమైనం. శిల్పి మొదట మైనంతో బొమ్మ చేస్తాడు. దానిపై మెత్తని మట్టి పూతలు పూసి ఆరబెట్టి వేడి చేస్తే, మైనం కరిగి కన్నంగుండా కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టి పగలగొట్టి, ఉలితో నగిషీ చెక్కుతారు. అచ్చు పగిలిపోతుంది గనుక ఒక అచ్చుకు ఒకే విగ్రహం. ఏ రెండూ అచ్చంగా ఒకలా ఉండవు.

ఇక నాగపట్నం కథ. శ్రీవిజయ రాజు తమిళ తీరంలోని ఆ రేవులో చూడామణి విహారం కట్టిస్తే, శైవుడైన మొదటి రాజరాజ చోళుడు తన 21వ పాలనా సంవత్సరంలో (సుమారు 1006) దానికి ఆనైమంగళం గ్రామాన్ని రాసిచ్చాడు. ఈ సంగతి చెప్పే రాగిరేకులు డచ్చివారి వెంట హాలండు చేరి, లైడెన్ శాసనాలుగా పేరుపడ్డాయి. 1856లో అక్కడ విగ్రహాలు బయటపడడం మొదలై, 1930ల దాకా దాదాపు 350 కంచు విగ్రహాలు దొరికాయి. తలపై జ్వాలతో ఉన్న బుద్ధమూర్తి ఆ ఊరి ప్రత్యేకత. చాలా విగ్రహాలు మద్రాసు మ్యూజియంలో చేరాయి, మరికొన్ని దేశవిదేశాల సేకరణలకు చెదిరిపోయాయి. అలా వెళ్ళినదొకటి రాక్‌ఫెల్లర్ సేకరణ ద్వారా న్యూయార్క్‌లోని ఏషియా సొసైటీకి చేరింది. దాని పీఠంపై ఉన్న తమిళ శాసనం లోహపు పనివారినీ, ఊరేగింపు ఉత్సవాన్నీ ప్రస్తావిస్తుంది. ఆ నాలుగు పంక్తులే లేకుంటే అది అద్దాల బీరువాలో ఒక అందమైన వస్తువు మాత్రమే. శాసనం ఉంది కాబట్టి దాని వెనక ఒక ఊరూ, జనమూ, పండుగా కనిపిస్తున్నాయి.

గయ దగ్గరి కుర్కిహార్‌లో 1930లో 200 పైచిలుకు కంచు వస్తువులు ఒకేచోట దొరికాయి. అవి చెదరకుండా పాట్నా మ్యూజియానికి చేరడం అదృష్టం. వాటి శాసనాల్లో కంచి నుంచి వెళ్ళిన దాతలున్నారు. దక్షిణాది భక్తులు పాలరాజుల బీహారుదాకా నడిచివెళ్ళి విగ్రహాలు ప్రతిష్ఠించారన్నమాట! గుట్టంతా కలిసి దొరకబట్టే ఈ సంబంధం తేలింది. అదే విడివిడిగా అమ్ముడుపోయి ఉంటే?

ఆ ప్రశ్నకు జవాబు నలందలో దొరుకుతుంది. 1961 ఆగస్టులో అక్కడి మ్యూజియం నుంచి 14 కంచు విగ్రహాలు దొంగతనమయ్యాయి. వాటిలో వెండి పొదిగిన 12వ శతాబ్దపు బుద్ధుడొకటి. చేతులు మారుతూ 2018లో యూరప్‌లోని ఒక కళా సంతలో అమ్మకానికి ప్రత్యక్షమైంది. పాత ఫోటోలతో సరిపోల్చి గుర్తుపట్టారు. ఆ ఏడాది ఆగస్టు 15న లండన్ పోలీసులు దాన్ని భారత హైకమిషన్‌కు అప్పగించారు. విగ్రహాన్ని తిరిగి తెచ్చింది, ఒక విధంగా, ఎవరో శ్రద్ధగా తీసి దాచిన ఫోటోయే.

సేకరణ అసలే తప్పని నా వాదన కాదు. సేకరించేవారు లేకుంటే ఎన్నో విగ్రహాలు కరిగి బిందెలూ చెంబులూ అయ్యేవి. ఏ మట్టిలో, ఎంత లోతున, దేని పక్కన దొరికిందో రాసుకోకుండా సేకరించడమే అసలు నష్టం. వస్తువు మిగులుతుంది గాని, చరిత్ర పోతుంది. 1970 నాటి యునెస్కో ఒప్పందమూ, మన 1972 పురావస్తు చట్టమూ ఆపదలచింది ఈ అక్రమ తరలింపునే.

మనవంతు పని చిన్నదే. నూతి తవ్వకంలోనో, పొలం దున్నేటప్పుడో మీ ఊళ్ళో విగ్రహం బయటపడితే దాన్ని చింతపండుతో తోమవద్దు, చోటు మార్చవద్దు. ఫోటో తీసి, చుట్టూ ఏమున్నాయో నోటుబుక్కులో రాయండి. 1878 నిధి చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. బుద్ధుణ్ణి కాపాడడానికి భక్తి ఒక్కటే చాలదు. ఆయన చిరునామా కూడా రాసి పెట్టుకోవాలి.