బిల్డ్ ఆగిపోయిందని దిగులుపడిన మేనకోడలికి



నీ మెసేజ్ చూశాను. హెయిర్ (HEIR) కంపైలర్‌ని తెచ్చుకుని బిల్డ్ పెడితే సగంలో ల్యాప్‌టాప్ బిగుసుకుపోయిందనీ, 8 జీబీ మెమరీతో పావగడలో కూర్చుని చేసే పని కాదేమోననీ రాశావు. చేయగలవమ్మా. కాకపోతే చివర చేయాల్సిన పనిని నువ్వు మొదట పెట్టుకున్నావు.

ముందు ఈ గుప్త లెక్కల విద్య ఎందుకో మనసులో గట్టిగా నిలుపుకో. మన పావగడ రామకృష్ణ సేవాశ్రమం ఎన్నో ఏళ్లుగా కుష్ఠు, క్షయ రోగులకు సేవ చేస్తోంది. కుష్ఠు అన్న మాట బయటికి పొక్కితే ఆ ఇంటి ఆడపిల్లలకు సంబంధాలు రాని కాలాన్ని మీ అమ్మా నేనూ చూశాం. అలాంటి రోగుల వివరాల మీద పెద్ద లెక్కలేవో కట్టాలి, చిన్న ఆసుపత్రిలో అంత కంప్యూటర్ లేదు, బెంగళూరు సర్వర్‌కి పంపక తప్పదు అనుకో. పంపేముందే అంకెల్ని గుప్తం చేస్తారు. సర్వర్ వాటిని విప్పకుండానే కూడుతుంది, గుణిస్తుంది. జవాబు కూడా గుప్తంగానే తిరిగి వస్తుంది. విప్పే కీ ఆసుపత్రి గడప దాటదు.

ఇది సాధ్యమేనా అని 1978లో రివెస్ట్, ఏడిల్‌మన్, డెర్టూజోస్ అడిగారు. ఏ లెక్కకైనా పనికొచ్చే దారి 2009లో క్రెయిగ్ జెంట్రీ స్టాన్‌ఫర్డ్ థీసిస్‌లో దొరికింది. ఆ తర్వాత దాన్ని వాడుకకు దగ్గర చేసినందుకు బ్రాకెర్‌స్కీ, జెంట్రీ, మన దేశంవాడైన వినోద్ వైకుంఠనాథన్ 2022 గోడెల్ బహుమతి అందుకున్నారు.

మరి కంపైలర్ ఎందుకంటావా? గుప్తమైన అంకెలో కొంత యాదృచ్ఛిక దోషం (నాయిస్) కావాలనే కలుపుతారు, భద్రత దాని మీదే నిలబడింది. కూడినప్పుడు అది కొద్దిగా పెరుగుతుంది, గుణించినప్పుడు బాగా పెరుగుతుంది. హద్దు దాటితే విప్పినా జవాబు తప్పే. ఎక్కడ నాయిస్ తగ్గించాలి, పారామీటర్లు ఎంత పెద్దవి ఎంచుకోవాలి, గుప్తీకరించిన ఒకే సైఫర్‌టెక్స్ట్‌లో ఎన్ని అంకెలు సర్దాలి అన్నవి చేత్తో రాస్తే నిపుణులకే తలనొప్పి. ఆ భారం మోయడానికే గూగుల్ వాళ్లు హెయిర్‌ని ఎంఎల్‌ఐఆర్ అనే కంపైలర్ చట్రం మీద కట్టి అందరికీ తెరిచి ఉంచారు.

ఇక నీ ల్యాప్‌టాప్ సంగతి. విండోస్ ఉంటే డబ్ల్యూఎస్ఎల్ 2లో ఉబుంటు పెట్టుకో. కోడ్‌ని లినక్స్ వైపు ఫోల్డర్‌లోనే ఉంచు, సీ డ్రైవ్‌లో పెడితే ప్రతిదీ నత్తనడకే. మొదటి వారం బిల్డ్ జోలికే పోకు. హెయిర్‌లోని హెయిర్-ఆప్ట్ సాధనపు తయారు బైనరీని లినక్స్ కోసం వాళ్లే విడుదల చేస్తారు, దాన్ని దించుకో. టెస్టుల ఫోల్డర్‌లో ఎనిమిదేసి అంకెల డాట్ ప్రాడక్ట్ ఉదాహరణ ఉంది. దాన్ని బీజీవీ అనే గుప్తీకరణ పద్ధతిలో నడిపించి, ప్రతి పాస్ (కోడ్‌ని మార్చే ఒక్కో దశ) తర్వాత కోడ్ ఎలా మారిందో ప్రింట్ చేయించి చదువు. రహస్యం అని గుర్తు పెట్టిన మామూలు గుణకారం మెట్టుమెట్టుగా ఓపెన్‌ఎఫ్‌హెచ్‌ఈ లైబ్రరీ పిలుపుల దాకా దిగిపోవడం నీ కళ్లతో చూడాలి. సీకేకేఎస్ అనే ఇంకో పద్ధతిని తర్వాత ముట్టుకో. దాని జవాబులు ఉజ్జాయింపుగా వస్తాయి, తప్పు నీదో పద్ధతిదో కొత్తలో తేల్చుకోలేవు. బీజీవీలో పూర్ణాంకాలకు లెక్క కచ్చితంగా కుదరాలి.

అప్పుడు బిల్డ్ పెట్టు. క్లాంగ్, ఎల్‌ఎల్‌డీ, బాజెలిస్క్ ఉంటే చాలు. బాజెల్ అనే బిల్డ్ సాధనాన్ని విడిగా పెట్టుకోకు, ఏ వెర్షన్ కావాలో ప్రాజెక్టులోని ఫైల్ చూసి బాజెలిస్కే తెస్తుంది. ఉబుంటులో ఎల్‌ఎల్‌వీఎం ఉందిగా అని ధీమా పడకు. హెయిర్ ఒక నిర్దిష్టమైన కమిట్ దగ్గరి ఎల్‌ఎల్‌వీఎంని తెచ్చుకుని మొదటి నుంచీ కడుతుంది, నీ మెషీన్ బిగుసుకుపోయింది అక్కడే. ఒకేసారి నడిచే జాబ్స్‌ని రెండుకు తగ్గించు, స్వాప్ పెంచు, యోసిస్ అనే సర్క్యూట్ సాధనం అక్కర్లేదు కాబట్టి ఆ ఆప్షన్ ఆపేయి, బ్రౌజర్ మూసేయి, రాత్రి పెట్టి పడుకో. కరెంటు పోయినా భయం లేదు, పూర్తయిన ముక్కలు చాలావరకు డిస్క్‌లోనే ఉంటాయి, మళ్లీ పెడితే మిగతావే కడుతుంది. ఎక్స్‌పంజ్ ఆప్షన్‌తో క్లీన్ మాత్రం కొట్టకు, కట్టిందంతా ఊడ్చుకుపోతుంది.

ఇంకో మాట చాలామంది చెప్పరు. రోజూ కొత్త కోడ్ లాగకు. ఆ ప్రాజెక్టు ఎల్‌ఎల్‌వీఎం కమిట్‌ని తరచూ ముందుకు జరుపుతుంటుంది, జరిపిన ప్రతిసారీ నీకు మళ్లీ రాత్రంతా బిల్డే. ఒక కమిట్ మీద నిలబడు, నీ మార్పు పూర్తయ్యాకే కొత్తదానికి మారు. చిన్న మెషీన్ ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి అలవాటు లేదు.

నేర్చుకునేటప్పుడు నిజమైన రోగి వివరం ఒక్కటి కూడా నీ ల్యాప్‌టాప్‌లోకి రానివ్వకు. కల్పించిన అంకెలు చాలు. టెస్టుల కోసం పెట్టే చిన్న పారామీటర్లకు భద్రత ఉండదు, పని నడుస్తోందని అవే వాడుకలోకి తీసుకుపోతే మనం కాపాడదామనుకున్న మనిషినే బయట పెట్టినవాళ్లం అవుతాం. ఈ ఒక్క విషయంలో నేను మెత్తగా ఉండను.

డాట్ ప్రాడక్ట్ ఏ పాస్ తర్వాత ఎలా మారిందో నీ మాటల్లో, తెలుగులోనే, రెండు పేజీలు రాసి వచ్చే ఆదివారంలోగా నాకు పంపు. బిల్డ్ లాగ్ కంటే ముందు అది చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య