గాలి లెక్క తెలిస్తే ట్రాక్‌పై కొలువు

2015లో మోంజాలో జరిగిన ఫార్ములా వన్ రేసును లూయిస్ హామిల్టన్ గెలిచాడు. గెలిచాక కూడా కొన్ని గంటలపాటు ఆ విజయం ఖాయం కాలేదు. రేసు మొదలవడానికి ముందు తనిఖీలో అతని కారు ఎడమ వెనుక టైరులో గాలి, ఉండాల్సిన కనీసం కన్నా 0.3 పీఎస్ఐ తక్కువగా తేలింది. స్టీవార్డులు విచారించి చర్య ఏదీ తీసుకోలేదు. మన వీధి పంక్చర్ షాపు గేజ్‌లో ఆ 0.3 కంటికి ఆనదు. అంత చిన్న తేడాను కనిపెట్టడమే ఉద్యోగంగా చేసేవాళ్లున్నారు. వాళ్లే టైర్ టెక్నీషియన్లు, టైర్ ఇంజినీర్లు.

మన దేశంలోనూ చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరులోని కారి, గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్లలో రేసులు జరుగుతాయి. సొంత కారు తెచ్చుకుని సరదాగా వేగంగా నడిపి చూసే ట్రాక్ డేలూ ఉంటాయి. నేర్చుకోవడానికి ఈ ట్రాక్ డేలే మంచివి. అక్కడికొచ్చే కార్లలో చాలావరకు రోజూ ఆఫీసుకెళ్లేవే కాబట్టి టైర్ల తప్పులన్నీ కళ్లముందే కనిపిస్తాయి.

అసలు పని పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడే మొదలవుతుంది. 27 డిగ్రీల దగ్గర 30 పీఎస్ఐ కొట్టారనుకోండి. కొన్ని ల్యాపులు తిరిగేసరికి లోపలి గాలి 80 డిగ్రీలకు చేరితే ప్రెషర్ సుమారు 38 అవుతుంది. ఇది ఇంటర్‌లో చదివిన వాయు నియమమే. కాకపోతే ఉష్ణోగ్రతను కెల్విన్‌లోకి మార్చాలి, గేజ్ అంకెకు వాతావరణ పీడనం 14.7 కలపాలి. చాలామంది ఆ కలపడం దగ్గరే బోల్తా పడతారు. ట్రాక్ మీద ముఖ్యం వేడి ప్రెషరే. అది ఎంత ఉండాలో ముందు తేల్చుకుని, చల్లగా ఉన్నప్పుడు ఎంత కొట్టాలో వెనక్కి లెక్కగడతారు. వేడి మీద గాలి తీసిన కారును సాయంత్రం అలాగే ఇంటికి పంపకూడదు. టైరు చల్లారితే ప్రెషర్ బాగా పడిపోతుంది, మళ్లీ కొట్టి పంపాలి.

తర్వాత వేడి చూడాలి. కారు పిట్‌లోకి రాగానే ప్రతి టైరుకూ లోపలి అంచు, మధ్య, బయటి అంచుల్లో సూది పైరోమీటరు గుచ్చి మూడు రీడింగులు తీస్తారు. మధ్యలో ఎక్కువ వేడెక్కితే గాలి ఎక్కువైనట్టు, రెండు అంచులూ వేడెక్కితే తక్కువైనట్టు. బయటి అంచు ఒక్కటే కాలిపోతుంటే చక్రం లోపలికి వంగే కోణం, అంటే క్యాంబర్, చాలలేదని అర్థం. మామూలు రోడ్డు కార్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. దూరం నుంచి చూసే ఇన్‌ఫ్రారెడ్ గన్ చవకే కానీ, పైపొర ఇట్టే చల్లారిపోతుంది కాబట్టి దాన్ని పూర్తిగా నమ్మలేం.

అరుగుదల ట్రాక్‌ను బట్టి మారుతుంది. బుద్ధ్‌లో కార్లు గడియారం ముల్లు దిశలోనే తిరుగుతాయి. కుడి మలుపుల్లో బరువంతా ఎడమ టైర్ల మీద పడుతుంది. అందుకే ఏ టైరు ఏ చక్రానికి ఎన్ని సెషన్లు తిరిగిందో, ఎన్ని మిల్లీమీటర్ల ట్రెడ్ మిగిలిందో రాసిపెట్టుకోవాలి. టైరు పక్కన ఉండే నాలుగు అంకెల తయారీ తేదీనీ నోట్ చేయాలి. 2324 అంటే 2024లో 23వ వారం. ట్రెడ్ ఎంత ఉన్నా పాతబడ్డ రబ్బరు పట్టు తగ్గుతుంది.

మరి దారి? ఐటీఐ మోటార్ మెకానిక్, పాలిసెట్ ద్వారా ఆటోమొబైల్ డిప్లొమా చేసినవాళ్లు టెక్నీషియన్లుగా చేరొచ్చు. బీటెక్ మెకానికల్ వాళ్లు కాలేజీలోనే ఫార్ములా భారత్ జట్టులో చేరడం మేలు. ఫార్ములా స్టూడెంట్ జట్లకు అమెరికాలోని టైర్ టెస్ట్ కన్సార్టియం రుసుము తీసుకుని అసలైన టైరు పరీక్షల డేటా ఇస్తుంది. దాన్ని టైరు ప్రవర్తనను లెక్కగట్టే పసెయ్కా మోడల్‌లో అమర్చడం వచ్చిన విద్యార్థి ఇంటర్వ్యూలో వేరుగా కనిపిస్తాడు. రబ్బరు వైపు ఆసక్తి ఉంటే ఐఐటీ ఖరగ్‌పూర్‌లోని రబ్బర్ టెక్నాలజీ సెంటర్ ఉంది.

ఒక మాట దాచకూడదు. మన దేశంలో ఏడాది పొడవునా జీతమిచ్చే రేసు జట్లు తక్కువ, ట్రాక్ పని చాలావరకు సీజన్‌లో వారాంతాలకే పరిమితం. స్థిరమైన కొలువులు టైరు కంపెనీల్లో ఎక్కువ. సదాశివపేటలో ఎంఆర్ఎఫ్, చినపాండూరులో అపోలో ఫ్యాక్టరీలు మనకు దగ్గరే. ట్రాక్ అనుభవం అక్కడి టెస్టింగ్, క్వాలిటీ విభాగాలకు వెళ్లేటప్పుడు పనికొస్తుంది.

సాధనకు ట్రాక్ దాకా పోనక్కర్లేదు. మంచి డిజిటల్ గేజ్ ఒకటి కొనుక్కుని ఇంటి బండికి పొద్దున, హైవే మీద తిరిగొచ్చాక ప్రెషర్, ఉష్ణోగ్రత పుస్తకంలో రాయండి. లెక్కలో వచ్చిన అంకె, గేజ్ చూపిన అంకె పక్కపక్కన పెట్టండి. తేడా ఎందుకొచ్చిందో రెండు వాక్యాల్లో వివరించి ఆ పేజీలను బయోడేటాకు జత చేయండి. గేజ్ మాత్రం మధ్యలో మార్చొద్దు. రెండు గేజ్‌లు ఒకే టైరుకు వేర్వేరు అంకెలు చూపడం మామూలే.