ముందు వినాలి, తర్వాతే మాట్లాడాలి: ఇంట్లోనూ దారిలోనూ హ్యామ్ రేడియో

(6 నుంచి 10 తరగతుల విద్యార్థుల తల్లిదండ్రులకు)



"సెలవుల్లో మా వాడి చేతిలోంచి ఫోన్ తీసుకోగలం. కానీ దాని బదులు ఏమివ్వాలి?" పేరెంట్స్ మీటింగుల్లో తరచూ వినిపించే ప్రశ్న ఇది. ఈ నెల దీనికి ఒక జవాబు చూద్దాం. దాని పేరు హ్యామ్ రేడియో, అంటే అమెచ్యూర్ రేడియో. లాభం కోసం కాకుండా, నేర్చుకోవాలన్న ఇష్టంతో ప్రభుత్వ లైసెన్సు తీసుకుని సొంత వైర్‌లెస్ సెట్టు మీద మాట్లాడుకునే హాబీ ఇది.

ఫోనులో నంబరు నొక్కితే అవతలి మనిషి పలుకుతాడు. రేడియోలో అలా కాదు. ఎవరు దొరుకుతారో, ఎక్కడినుంచి దొరుకుతారో ముందుగా తెలియదు. ఒక్కోసారి అరగంట విన్నా గరగర తప్ప ఏమీ ఉండదు. ఉన్నట్టుండి ఆ గరగరలోంచి ఒక గొంతు తేలి వస్తుంది. అందుకే ఈ హాబీలో మొదటి పాఠం వినడం. పిల్లలకు ఇందులో దక్కే పెద్ద లాభం కూడా అదే.

పాఠ్యపుస్తకం డాబా ఎక్కితే

9వ తరగతి ధ్వని పాఠంలో ఒక సూత్రం ఉంది: వేగం = తరంగదైర్ఘ్యం × పౌనఃపున్యం. రేడియో తరంగాలకూ ఇదే సూత్రం. వాటి వేగం కాంతి వేగమే. కాబట్టి 300ను మెగాహెర్ట్జ్‌లోని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది.

హ్యామ్‌లు వాడే 7.1 మెగాహెర్ట్జ్ తీసుకోండి. 300ను 7.1తో భాగిస్తే సుమారు 42 మీటర్లు. అందులో సగం పొడవున్న తీగను 'డైపోల్' యాంటెనా అంటారు. ఆచరణలో 21 మీటర్లకు బదులు దాదాపు 20 మీటర్లు సరిపోతుంది. మధ్యలో కేబుల్ కలుపుతారు. దానికి రెండు వైపులా పదేసి మీటర్ల తీగ ఉంటుంది.

ఇప్పుడు అసలు సమస్య. మీ డాబా 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు అనుకుందాం. మూల నుంచి మూలకు ఎంత? పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 50 అడుగులు, అంటే సుమారు 15.2 మీటర్లు. 20 మీటర్ల తీగ పట్టదు. ఏం చేయాలి? మీరు చెప్పకండి, పిల్లల్నే ఆలోచించనివ్వండి.

హ్యామ్‌లు చేసే పని ఇది. డాబా మధ్యలో గడ నిలబెట్టి, తీగ మధ్యభాగాన్ని దాని కొనకు కట్టి, రెండు చివర్లను మూలలకు దించుతారు. తలకిందులుగా పెట్టిన ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఉంటుంది. గడ ఎంత ఎత్తుండాలి? తీగ ఒక వైపు 10 మీటర్లు కర్ణం. మధ్య నుంచి మూలకు 7.6 మీటర్లు భూమి. మిగిలిన భుజం దాదాపు 6.5 మీటర్లు. నోటుబుక్కులో వేసిన లంబకోణ త్రిభుజం డాబా మీద నిలబడింది! పైథాగరస్‌తో అవసరం పడి లెక్క వేసిన పిల్లలు ఆ సిద్ధాంతాన్ని మరిచిపోరు.

ఆకాశంలో అద్దం

మీ ఇంట్లో రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు విన్న తాతయ్యో అమ్మమ్మో ఉంటే పిల్లల్ని వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. సముద్రం అవతలి పాట మన ఊరి రేడియోలోకి ఎలా వచ్చింది?

భూమికి పదుల నుంచి వందల కిలోమీటర్ల ఎత్తులో అయనోస్ఫియర్ ఉంది. సూర్యకాంతి అక్కడి వాయువుల నుంచి ఎలక్ట్రాన్లను విడదీస్తుంది. ఆ పొర షార్ట్‌వేవ్ తరంగాలను వంచి మళ్లీ భూమి మీదికి పంపుతుంది. అందుకే కంటికి కనిపించని దూరంలో ఉన్న స్టేషన్ కూడా వినిపిస్తుంది.

దీనికి పగలు, రాత్రి తేడా ఉంది. పగటిపూట అయనోస్ఫియర్ కింది పొర తక్కువ పౌనఃపున్యాలను మింగేస్తుంది. చీకటి పడ్డాక ఆ పొర దాదాపు మాయమవుతుంది. అందుకే 7 మెగాహెర్ట్జ్ మీద పగలు కొన్ని వందల కిలోమీటర్ల దూరం మాట్లాడితే, రాత్రి అది వేల కిలోమీటర్లకు పెరుగుతుంది. 14 మెగాహెర్ట్జ్ ఎక్కువగా పగటి బ్యాండ్. సూర్యుడి మచ్చలు దాదాపు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతుంటాయి. దాన్నిబట్టి దూరాలూ మారుతాయి. రేడియో వినే పిల్లలు సూర్యుణ్ని పట్టించుకోవడం మొదలుపెడతారు.

దారిలో రేడియో

ప్రయాణంలో ఎక్కువగా వాడేది 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మధ్య ఉన్న రెండు మీటర్ల బ్యాండ్. దీనికి అరమీటరు కడ్డీ చాలు. అయస్కాంతం అడుగున్న యాంటెనాను కారు పైకప్పు మీద పెడితే అంటుకుంటుంది. సెట్టు కారులోని 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది.

ఈ తరంగాలు అయనోస్ఫియర్ నుంచి సాధారణంగా తిరిగి రావు. దాదాపు చూపు మేరకే వెళ్తాయి. కాబట్టి ఇక్కడ ఎత్తే బలం. ఒక మోటు లెక్క: యాంటెనా ఎత్తు ఎన్ని మీటర్లో దాని వర్గమూలాన్ని 4తో గుణిస్తే, తరంగం ఎన్ని కిలోమీటర్లు చూడగలదో వస్తుంది. 9 మీటర్ల ఎత్తున్న డాబా మీదినుంచి 12 కిలోమీటర్లు. చుట్టుపక్కల నేల కంటే 500 మీటర్ల ఎత్తులో ఉన్న హార్స్‌లీ హిల్స్ లాంటి చోటి నుంచి దాదాపు 90 కిలోమీటర్లు. అదే చేతిసెట్టు, అదే బ్యాటరీ. కొండ ఎక్కితే చాలు, వినబడే ఊళ్లు పెరుగుతాయి. చిన్న సెట్టు భుజాన వేసుకుని కొండలెక్కి మాట్లాడటాన్ని ఆటలా ఆడే హ్యామ్‌లు ప్రపంచమంతా ఉన్నారు.

ఒక్క హెచ్చరిక. బండి నడిపేవారు మైకు పట్టుకోకూడదు. పక్క సీట్లో ఉన్న లైసెన్సుదారు మాట్లాడాలి, లేదా బండి ఆపుకుని మాట్లాడాలి. లైసెన్సు ప్రతి వెంట ఉంచుకోవాలి, అందులోని షరతులు ప్రయాణంలోనూ వర్తిస్తాయి.

ఆపద వేళ

"చేతిలో మొబైల్ ఉండగా ఇదంతా ఎందుకు?" అని మీకు అనిపించవచ్చు. మొబైల్‌కు టవర్ కావాలి, టవర్‌కు కరెంటు కావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు విశాఖ వాసులు ఈ రెండూ లేకుండా గడిపారు. హ్యామ్ సెట్టుకు ఒక బ్యాటరీ, ఒక తీగ ఉంటే చాలు.

2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం అండమాన్ వెళ్లింది. అక్కడినుంచి ప్రపంచంలోని హ్యామ్‌లతో సరదాగా మాట్లాడాలన్నది వారి ఉద్దేశం. డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. సరదా కోసం తెచ్చుకున్న ఆ సెట్లతోనే పోర్ట్ బ్లెయిర్ నుంచి క్షేమ సమాచారాలు బయటికి వచ్చాయి. వాళ్లు అప్పటికప్పుడు నేర్చుకుని చేసిన పని కాదది. ఏళ్ల తరబడి హాబీగా చేసిన సాధన ఆ రోజు అక్కరకొచ్చింది.

అంతరిక్షం దాకా

2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ-సీ6 రాకెట్ కార్టోశాట్-1తో పాటు హ్యామ్‌శాట్ అనే చిన్న ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది. బరువు 42.5 కిలోలు. హ్యామ్‌ల కోసమే ఇస్రో తయారుచేసిన ఉపగ్రహం అది. అందులోని రెండు ట్రాన్స్‌పాండర్లలో ఒకదాన్ని నెదర్లాండ్స్‌కు చెందిన ఓ ఇంజినీరింగ్ విద్యార్థి రూపొందించాడు. 2014 వరకూ అది పనిచేసింది.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోనూ హ్యామ్ సెట్టు ఉంది. 2025 జూలైలో శుభాంశు శుక్లా దాని ద్వారానే మన దేశ విద్యార్థుల ప్రశ్నలకు జవాబులు చెప్పారు. 400 కిలోమీటర్ల ఎత్తులో ఆ కేంద్రం మన మీదుగా దాటేటప్పుడు దొరికే సమయం పది నిమిషాలకు మించదు. అడగాల్సింది ముందే రాసుకుని, క్లుప్తంగా అడగడం పిల్లలు ఇక్కడ నేర్చుకుంటారు.

లైసెన్సుకు దారి

మన దేశంలో 12 ఏళ్లు నిండినవారు అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్ సర్టిఫికెట్ పరీక్ష రాయవచ్చు. దీన్ని కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగం చూస్తుంది. ప్రాథమిక ఎలక్ట్రానిక్స్, రేడియో నియమాల మీద ప్రశ్నలుంటాయి. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ అక్కర్లేదు. జనరల్ గ్రేడ్‌కు నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్ పంపడం, అందుకోవడం రావాలి.

వరుస గుర్తుంచుకోండి: ముందు పరీక్ష, తర్వాత లైసెన్సు, ఆ తర్వాతే సెట్టు. లైసెన్సుతో పాటు 'వీయూ2' లేదా 'వీయూ3'తో మొదలయ్యే కాల్‌సైన్ వస్తుంది. ప్రపంచంలో మరెవరికీ లేని గుర్తింపు అది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతోందని హ్యామ్ బ్యాండ్లలో మాట్లాడే వాకీటాకీ కొని పిల్లల చేతికి ఇవ్వకండి. లైసెన్సు లేకుండా దాని మీద మాట్లాడటం చట్టవిరుద్ధం. పైగా పోలీసు, విమాన సేవల తరంగాలకు అడ్డుపడే ప్రమాదమూ ఉంది.

మీరు అడిగే ప్రశ్నలు

*అపరిచితులతో మాట్లాడటం క్షేమమేనా?*
రేడియోలో మాట ఎప్పుడూ బహిరంగమే. ఎవరైనా వినవచ్చు, ప్రతి ఒక్కరూ కాల్‌సైన్ చెప్పి తీరాలి. రాజకీయాలు, వ్యాపారం, అసభ్యత నిషిద్ధం. అయినా పిల్లల పక్కన పెద్దవాళ్లు కూర్చోవాలి. పేరు, ఊరు చెబితే చాలు. ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, ప్రయాణాల వివరాలు చెప్పకూడదని ముందే చెప్పండి.

*డాబా మీద తీగ కడితే ప్రమాదం లేదా?*
కరెంటు తీగలకు దగ్గరగా, వాటి మీద పడేలా ఎప్పుడూ కట్టకూడదు. ఉరుములు మొదలుకాకముందే యాంటెనా కేబుల్‌ను సెట్టు నుంచి ఊడదీయాలి. గడ నిలబెట్టే పని పెద్దలదే.

*దీనివల్ల మార్కులు, ర్యాంకులు వస్తాయా?*
సూటిగా చెప్పాలంటే, రావు. ఫిజిక్స్ మీద ఇష్టం పెరగవచ్చు, పెరగకపోవచ్చు కూడా. దయచేసి దీన్ని ఇంకో కోచింగ్‌గా మార్చకండి. "ఈ వారం ఎన్ని దేశాలు పట్టావు?" అని లెక్కలు అడగకండి. "ఈ రోజు ఏం విన్నావు?" అని అడగండి. పిల్లల రోజులో మనం మార్కులు వేయని గంట ఒకటైనా మిగలాలి.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

వీటిలో దేనికీ లైసెన్సు అక్కర్లేదు.

1. పాత మీడియం వేవ్ రేడియో ఉంటే మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి ముల్లు మొత్తం తిప్పండి. ఏయే స్టేషన్లు, ఏయే భాషలు వినిపించాయో రెండు గడుల్లో రాయించండి. తేడా ఎందుకో పిల్లలే చెప్పాలి.

2. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయం తన రేడియో రిసీవర్‌ను ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉంచింది. 'వెబ్ ఎస్‌డీఆర్' అని వెతికితే దొరుకుతుంది. 7, 14 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో పదిహేను నిమిషాలు వినండి. "సీక్యూ సీక్యూ" అంటే "ఎవరైనా మాట్లాడతారా?" అని. చివర్లో "సెవెంటీ త్రీ" అంటే "శుభాకాంక్షలు" అని.

3. విన్న కాల్‌సైన్‌తో దేశాన్ని అట్లాసులో పట్టండి. జేఏ జపాన్, వీకే ఆస్ట్రేలియా, ఫోర్ ఎస్ శ్రీలంక, ఏ6 అరబ్ ఎమిరేట్స్.

4. హ్యామ్‌లు సమయాన్ని అంతర్జాతీయ కాలమానంలో రాస్తారు. మన సమయం నుంచి అయిదున్నర గంటలు తీసేయాలి. మన రాత్రి 7.30 వారి పుస్తకంలో 14.00. రోజుకో లెక్క ఇవ్వండి.

5. కుటుంబంలో అందరి పేర్లూ రేడియో అక్షరమాలలో చెప్పించండి. రవి అయితే "రోమియో, ఆల్ఫా, విక్టర్, ఇండియా". బ్యాంకులో, రైల్వే కౌంటర్‌లో పేరు చెప్పడానికి మీకూ పనికొస్తుంది.

6. కరెంటు పోయిన రాత్రి టార్చిలైటుతో మోర్స్ ఆడండి. చిన్న మెరుపు 'డిట్', పెద్ద మెరుపు 'డా'. ఇంగ్లీషు 'ఇ'కి ఒక డిట్, 'టి'కి ఒక డా, 'ఎ'కి డిట్-డా.

ఇవన్నీ చేశాక కూడా మీ అబ్బాయో అమ్మాయో ఇంకా కావాలంటే, అప్పుడు లైసెన్సు గురించి ఆలోచించండి. మీ ఊళ్లో లైసెన్సు ఉన్న హ్యామ్ ఎవరైనా ఉంటే ముందుగా అడిగి, పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక సాయంత్రం వెళ్లండి. మీరూ కూర్చుని వినండి. ఆ గరగరలోంచి మొదటి గొంతు తేలి వచ్చినప్పుడు పిల్లల ముఖం చూడండి. హాబీ కుదిరిందో లేదో మీకే తెలిసిపోతుంది.