మత్తు ఇచ్చే నర్సు కావాలంటే

ఆదివారం పూజ అయిన తరువాత ఇబ్రహీంపట్నం గుడి వరండాలో ఒక తల్లి అడిగింది: "ఫాదర్‌గారూ, మిలిటరీలో చేరితే మా అమ్మాయి మత్తు ఇచ్చే నర్సు అవుతుందంట, నిజమేనాండీ?" అమెరికాలోని బంధువులు చెప్పారట.

అక్కడ నిజమే. ఆ దేశ సైన్యం బేలర్ విశ్వవిద్యాలయంతో కలిసి నర్సులకు 36 నెలలపాటు అనస్థీషియా నేర్పి డాక్టరేటు ఇప్పిస్తుంది. ఖర్చు సైన్యానిదే; బదులుగా కొన్నేళ్ళు సేవ చేయాలి. అయితే ముందుగా బి.ఎస్సీ. నర్సింగ్, ఐ.సి.యు. అనుభవం, అమెరికా పౌరసత్వం ఉండాలి. ఈ వృత్తికి మన మఠకన్యలతో పాత చుట్టరికమే ఉన్నది. 1877లో పెన్సిల్వేనియా రాష్ట్రం ఈరీలోని సెయింట్ విన్సెంట్ ఆసుపత్రిలో మత్తు ఇచ్చిన సిస్టర్ మేరీ బెర్నార్డ్‌ను, పేరు తెలిసినవారిలో తొలి అనస్థీషియా నర్సుగా చెబుతారు.

మన దేశంలో అలా కాదు. మత్తు ఇచ్చే బాధ్యత డాక్టరుదే. నర్సు పక్కన నిలిచి మందులు అందిస్తుంది. నాడి, రక్తపోటు, శ్వాస కనిపెట్టి చూస్తుంది. అది చిన్న పనా? సెమినరీలో మేము 'స్పృహ' అంటే ఏమిటని ఏడాదంతా వాదించుకున్నాము గాని, దానికి కాపలా కాసేది వీరే.

1888లో మొదలైన మన మిలిటరీ నర్సింగ్ సర్వీసు మాత్రం మంచి దారి. ఇంటర్ బై.పి.సి. ప్యాసై, నీట్ వ్రాసిన అవివాహిత యువతులు పూణే, బెంగుళూరు వంటి చోట్ల సైనిక కళాశాలల్లో 4 ఏళ్ళు చదివి, లెఫ్టినెంటు హోదాతో చేరతారు. తరువాత ఆపరేషన్ థియేటరు, ఐ.సి.యు. నర్సింగులో ప్రత్యేక శిక్షణ పొందవచ్చు. బాండు వ్రాసి ఇవ్వాలి. బదిలీ ఎక్కడికైనా కావచ్చు.

ఇదే చెప్పాను. "అంత దూరమా!" అన్నది తల్లి. అమ్మాయి మాత్రం నీట్ దరఖాస్తులు ఎప్పుడండీ అని అడిగింది.