బుడమేరు ఏ సబ్జెక్టులో ఉంది?



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు నన్ను సూటిగానే అడిగారు. "మేడమ్, బయాలజీలో ఆ ఎన్విరాన్‌మెంట్ పాఠం ఇంట్లో చదువుకున్నా వచ్చేస్తుంది కదా. ఆ పీరియడ్లలో మ్యాథ్స్ ఇంకో రివిజన్ పెట్టకూడదా?" ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. టీచర్‌గా మొదటి రెండేళ్లూ నేను చేసింది దాదాపు అదే. ఆహారపు గొలుసు, ఓజోన్ పొర, పది శాతం నియమం... ఒక్కోదానికి రెండు బిట్లు చెప్పి, టిక్కులు పెట్టించి, ముందుకు వెళ్లిపోయేదాన్ని.

2024 సెప్టెంబరులో విజయవాడకు వరద వచ్చింది. మా క్లాసులో కొందరి ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. స్కూలు తెరిచాక సింగ్‌నగర్ నుంచి వచ్చే ఒక అబ్బాయి లేచి, "మిస్, బుడమేరు ఏ సబ్జెక్టులో ఉంది?" అన్నాడు. పిల్లలు నవ్వారు. నా దగ్గర మాత్రం జవాబు లేదు.

తర్వాత రెండు వారాలు అదే మా పాఠమైంది. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టే వాగు. దాని పాత దారి విజయవాడ మీదుగా కొల్లేరుకు వెళ్తుంది. ఊరు మునగకుండా వరద నీటిని వెలగలేరు దగ్గర నుంచి డైవర్షన్ కాలువలోకి మళ్లించి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. ఆ ఏడాది పరీవాహక ప్రాంతంలో కుండపోత వాన పడింది. అదే సమయంలో బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతోంది. నిండుగా ఉన్న నదిలోకి కాలువ నీళ్లు ఎలా దిగుతాయి? కాలువకు గండ్లు పడ్డాయి. నీళ్లు పాత దారి పట్టాయి. ఆ దారిలో ఇప్పుడు కాలనీలున్నాయి.

ఇది ఏ సబ్జెక్టు? వాలు, పరీవాహకం సోషల్‌లో వస్తాయి. క్యూసెక్కుల లెక్క మ్యాథ్స్. మురుగు కలిసిన నీళ్లు నిలిచిపోతే ఆక్సిజన్ ఎందుకు తగ్గుతుందో చెప్పేది కెమిస్ట్రీ, బయాలజీ కలిసి. "వాగులో ఇళ్లెందుకు కట్టుకున్నారు, వాళ్లదే తప్పు" అని ఒక అమ్మాయి తేల్చేయబోతే ఆపాను. చౌకగా దొరికే స్థలం పల్లంలోనే ఎందుకు ఉంటుందో, అక్కడ రోడ్డు, కరెంటు వచ్చాక జనం ఏమనుకుంటారో ముందు ఆలోచించమన్నాను. ఆ చర్చ గంటసేపు నడిచింది. నిజం చెప్పాలంటే మ్యాథ్స్ సార్ పీరియడ్ కూడా కొంత తినేశాం.

అక్కడి నుంచి కొల్లేరుకు వెళ్లాం. 1999లో సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ప్రభుత్వం లోపలి చేపల చెరువుల గట్లు కొట్టించింది. పెలికాన్ పక్షులకు సరస్సు కావాలి, అక్కడి ఊళ్లకు బతుకుతెరువు కావాలి. మా క్లాసులో ఇద్దరి ఇళ్లలో చేపల చెరువులున్నాయి. వాళ్ల మాట విన్నాక మిగతావాళ్లు తమ నోట్సులో మొదట రాసుకున్న జవాబులు కొట్టేసి మళ్లీ రాశారు.

మార్కుల సంగతి కూడా చెప్పాలి. నీట్ బయాలజీలో ఎకాలజీ ఒక పూర్తి యూనిట్. అందులో గ్రాఫు చూసి చెప్పాల్సినవి, కారణం ఆలోచించాల్సినవి బట్టీతో రావు. తొమ్మిది, పది తరగతుల్లో ఒక్క చెరువునైనా నిజంగా చూసిన పిల్లలకు అవి తేలిక. అందుకే ఆ పీరియడ్లు మ్యాథ్స్‌కు ఇవ్వనని ఆ నాన్నగారికి చెప్పాను.

ఈ నెల మీ ఇంటికి ఒక ప్రాజెక్టు షీటు వస్తుంది. దయచేసి దాన్ని స్టేషనరీ షాపులో చేయించకండి. పర్యావరణం మీద థర్మాకోల్ మోడల్ తెచ్చిన పిల్లల్ని చూసి నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. మీ డాబా కొలవనివ్వండి, చాలు. వెయ్యి చదరపు అడుగులంటే సుమారు 93 చదరపు మీటర్లు. దాని మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 9,300 లీటర్లు. వెయ్యి లీటర్ల ట్యాంకులు తొమ్మిది నిండి ఇంకా మిగులుతాయి. ఆ నీళ్లు మీ ఇంటి నుంచి ఎటు పోతాయో, ఏ కాలువలో కలుస్తాయో పిల్లలు నడిచి చూసి గీయాలి. వెంట పెద్దవాళ్లు ఒకరు వెళ్తే మంచిది. వాన పడుతున్నప్పుడు మాత్రం పంపకండి.

ఇంగ్లీషు రాదని వెనకాడకండి. మా పిల్లలకు 'క్యాచ్‌మెంట్ ఏరియా' తెలుసు గానీ అలుగు అంటే తెలియదు, తూము అంటే తెలియదు. చెరువు నిండితే నీళ్లు ఎటు దూకేవో మీ అమ్మగారినో నాన్నగారినో అడిగి చెప్పించండి. షీటులో ఆ మాటలు తెలుగులోనే రాయమన్నాను. వాటికి మార్కులు కూడా పెట్టాను.

షీటు మీద మీ సంతకం పక్కన, మీ చిన్నప్పటి చెరువు పేరు, అది ఇప్పుడు ఎలా ఉందో ఒక్క వాక్యం రాసి పంపండి. వాటన్నిటినీ కలిపి మ్యాపు గీయడం మా పదో తరగతి పని.